ఈత అత్తగారు, కరెంటు కోడలు

మా కాలనీలో ఆ ఇంటికి దారి అడిగితే చిన్నపిల్లలు కూడా ఎదురు ప్రశ్న వేస్తారు. "కరెంటు పనా, ఈత పనా?" అని. కరెంటు పనైతే కోడలు, ఈత సంగతైతే అత్తగారు. మధ్యలో ఉన్న కొడుకు దర్జీ. అతని షాపు బజారులో ఉంది కాబట్టి అతని కోసం ఇంటికి వచ్చేవాళ్ళు లేరు. "మా ఇంట్లో బిరుదు లేనివాణ్ణి నేనొక్కణ్ణే" అంటూ నవ్వుతూ కత్తెర ఆడిస్తుంటాడు.

కోడలి పుట్టింటివాళ్ళది మోటార్లు బాగుచేసే షాపు. తండ్రి కాలిపోయిన మోటారు విప్పి కొత్త రాగి తీగ చుడుతుంటే, పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టడం ఆమె చిన్నప్పటి ఆట. పెద్దవాళ్ళ వేళ్ళు దూరని సందుల్లోకి ఆమె వేళ్ళు దూరేవి. చదువయ్యాక ఎలక్ట్రీషియన్ లైసెన్సు తెచ్చుకుంది. పెళ్ళికి ముందే దర్జీకి అంతా చెప్పేసిందట. "నేను నిచ్చెనలెక్కుతాను. గోడలు తవ్వుతాను. నా చేతులెప్పుడూ ఇలా నల్లగానే ఉంటాయి. ఆలోచించుకోండి." అతను పెద్దగా ఆలోచించలేదు. "నిచ్చెన నేను పట్టుకుంటాలే" అన్నాడు.

అత్తగారికి మాత్రం ఈ వ్యవహారం వెంటనే మింగుడుపడలేదు. ఆవిడ చాలా ఏళ్ళు విద్యార్థుల హాస్టల్లో వంట చేసింది. గంపెడు పిల్లలకు అన్నం పెట్టిన చెయ్యి, ఎవరికీ జంకని నోరు. అలాంటి మనిషి కూడా కోడలు పానా, స్క్రూడ్రైవరు పట్టుకుని తిరుగుతుందని చెప్పడానికి మొహమాటపడి, "మా అమ్మాయి కరెంటాఫీసులో పని చేస్తుంది" అని వీధిలో ప్రచారం చేసింది. దాంతో కొత్త తంటా వచ్చి పడింది. కరెంటు పోయిందంటే చాలు, వీధి వీధంతా వాళ్ళ గుమ్మం ముందే.

"ఎప్పుడొస్తుందండీ?"

"వచ్చేస్తుంది, వచ్చేస్తుంది. మా అమ్మాయి అదే పని మీదుంది" అని ఈవిడ.

ఒకసారి గాలివానకి తీగలు తెగి పూటంతా కరెంటు రాలేదు. వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చి అడుగుతుంటే అత్తగారికి తిక్కరేగింది. వీధిలోకొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని అందరూ వినేలా చెప్పింది. "ఆఫీసూ లేదు పాడూ లేదు! మా కోడలు ఎలక్ట్రీషియను. స్తంభాల గొడవ దానికేం తెలుసు? మీ ఇంట్లో ఫ్యాను తిరక్కపోతే చెప్పండి, తిప్పిస్తాను." ఆ రోజు నుంచి కోడలి పనులకి ఆవిడే మేనేజరు. ఫోను ఎత్తేది ఆవిడే. "ఇవాళ కుదరదు, రేపు పొద్దున్నే పంపిస్తా. గీజరు ముట్టుకోకండి ఈలోగా" అని సలహాలు కూడా ఇచ్చేది.

హాస్టల్లో ఏళ్ళ తరబడి నిలబడి చేసిన వంటకి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. నీళ్ళలో నడిస్తే మంచిదన్నాడు డాక్టరు. కాలనీ చివర రేకుల కప్పు కింద పాత స్విమ్మింగ్ పూల్ ఉంది. సాయంత్రం ఆడవాళ్ళ బ్యాచ్‌లో ఆవిడ చేరింది. నేనూ అదే బ్యాచ్. మొదటి రోజు గట్టు పట్టుకుని మెట్టు దిగడానికి ఎంత సేపు పట్టిందో నాకు గుర్తే. "ఇంతకాలం నేనెరిగిన లోతు బకెట్టు లోతే" అంది. నడవడం మొదలుపెట్టిన మనిషి తేలడం నేర్చింది, తేలిన మనిషి ఈదింది. ఆ తరవాత మునకలు. ఏడాది తిరిగేసరికి లోతు వైపు గోడని కాళ్ళతో తన్ని, నీళ్ళ అడుగునే ఇవతలికి వచ్చేసేది. ఊపిరి బిగపట్టడంలో ఆవిడకి సాటి వచ్చేవాళ్ళు బ్యాచ్‌లో లేరు. హాస్టల్ వంటింట్లో మిరపకాయల ఘాటు మధ్య అలవాటైందని ఆవిడ వివరణ. మా కోచ్ ఇంకా చిన్నమ్మాయి, మేమంతా కోచమ్మా అని పిలుస్తాం. "పెద్దమ్మని నీళ్ళలోకి దింపడం తేలిక, పైకి రప్పించడానికే క్రేను కావాలి" అనేది కోచమ్మ.

ఆ పూల్లో లోతు వైపు గోడలో, నీళ్ళ మట్టానికి జానెడు కిందగా, ఒక లైటు ఉంది. పళ్ళెమంత గుండ్రటి అద్దం, చుట్టూ స్టీలు చట్రం. రేకుల కప్పు వల్ల సాయంత్రమయ్యేసరికి లోపల మసకేస్తుంది. లైటు వేస్తే అడుగునున్న పలకలు, వాటి మధ్య గీతలు కూడా కనిపిస్తాయి. వెయ్యకపోతే నల్లటి నీళ్ళు. "అడుగు కనపడకపోతే ఒక్కరిని కూడా దిగనివ్వను" అనేది కోచమ్మ నియమం. ఆ మాట మీద ఆమె సడలేది కాదు.

ఆ లైటు ఒక వారం మినుకుమినుకుమని, తరవాత ఆరిపోవడం మొదలుపెట్టింది. పూల్‌కి పంపులూ ఫిల్టర్లూ చూసే ఆయన్ని అందరం పంపు బాబాయ్ అంటాం. ఆయన పంపుల గదిలోకి వెళ్ళి, కిందికి పడిన బ్రేకరు మీట పైకి లేపేవాడు. లైటు వెలిగేది. కాసేపటికి బ్రేకరు మళ్ళీ పడేది. రాను రాను లేపీ లేపకముందే పడిపోసాగింది. కోచమ్మ ఈల ఊది మా బ్యాచ్‌ని బయటికి పంపేసేది. రెండు సాయంత్రాలు అలా తడవకుండానే ఇళ్ళకెళ్ళాం. మూడో రోజు వెళ్ళేసరికి లైటు దివ్యంగా వెలుగుతోంది. పంపు బాబాయ్ గుమ్మంలో నిలబడి చిరునవ్వు నవ్వుతున్నాడు. "ఎలా చేశావు బాబాయ్?" అంటే, "చేశాంలే" అన్నాడు.

ఆ సాయంత్రమే అత్తగారు లోతు వైపున్న స్టీలు నిచ్చెన పట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏంటే ఇది, చెయ్యి జివ్వుమంటోంది! చీమలు పాకినట్టుంది."

పక్కనున్నావిడ నవ్వింది. "తిమ్మిరెక్కుంటుంది వదినా. ఒక్క క్షణం ఆగరు కదా మీరు."

నేను ఎప్పుడూ ఇటువైపు సిమెంటు మెట్ల మీంచి ఎక్కేదాన్ని, నాకేమీ తెలియలేదు. అత్తగారు ఇంకోసారి ముట్టుకుని చూసి, మొహం చిట్లించి, ఈదుకుంటూ మా మెట్ల వైపే వచ్చి ఎక్కింది. గట్టు మీంచి కూడా ఒకసారి నిచ్చెన ముట్టుకుని చూసి, బట్టలు మార్చుకుని ఇంటికెళ్ళిపోయింది. నేను జుట్టు ఆరబెట్టుకుంటూ లోపలే ఉండిపోయాను.

ఇంట్లో జరిగింది తరవాత వాళ్ళ నోటే విన్నాను. కోడలు అప్పుడే పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది. అత్తగారు టవల్ తీగ మీద ఆరేస్తూ మాటవరసకి అంది.

"అమ్మాయ్, ఆ ఇనప నిచ్చెన పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందే. నరాల నీరసమేమో, డాక్టరుకి చెప్పాలి."

కోడలు కుళాయి కట్టేసింది. "నీళ్ళలో ఉండి పట్టుకున్నారా అత్తయ్యా, బయటికొచ్చాకా?"

"నీళ్ళలో ఉండే. బయట నుంచి పట్టుకుంటే ఏమీ లేదు."

"ఆ లైటు వెలుగుతోందా అప్పుడు?"

"బ్రహ్మాండంగా. ఇవాళే బాగుచేశాడట బాబాయ్."

"ఇప్పుడు నీళ్ళలో ఎవరున్నారు?"

"పిల్లల బ్యాచ్." అంటుండగానే అత్తగారి మొహం మారింది.

కోడలు చేస్తే కోచమ్మ ఫోను మోగి మోగి ఆగిపోయింది. పూల్ గట్టు మీద ఫోను పెట్టుకోవడం కోచమ్మకి ఇష్టముండదు, అల్మారాలో పెట్టేస్తుంది. కోడలు టెస్టరు జేబులో దోపుకుని, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ పరుగందుకుంది. వెనకాల అత్తగారు, ఆ అరిగిన మోకాళ్ళతోనే.

నేను బట్టల గదిలోంచి బయటికొస్తుంటే నా పక్క నుంచి కోడలు గాలిలా వెళ్ళింది. పూల్లో పదిపదిహేను మంది పిల్లలు తపతపలాడుతూ ఈదుతున్నారు. ఆమె కేకలు పెట్టలేదు. కోచమ్మ చెవి దగ్గరకెళ్ళి చెప్పింది. "లైటు కరెంటు నీళ్ళలోకొస్తోంది. పిల్లల్ని నిచ్చెనకీ లైటుకీ దూరంగా, ఈ చివరకి రమ్మనండి. ఏ ఇనుమూ ముట్టుకోనివ్వకండి. నేను మెయిన్ తీసేస్తాను. తీశానని చెప్పాకే పైకెక్కించండి." అని పంపుల గది వైపు పరిగెత్తింది.

కోచమ్మ ఈల ఊది, "అందరూ మెట్ల వైపు! నా ఎదురుగా, చేతులు నీళ్ళ మీద, బొమ్మల్లా నిలబడాలి. కదిలినవాళ్ళు ఓడిపోయినట్టు!" అంది. పిల్లలు ఆటనుకుని ఎగబడి వచ్చారు. అంతలో లైటు ఆరింది, కప్పు కింది దీపాలు ఆరాయి, పంపుల రొద ఆగింది. కిటికీల్లోంచి వస్తున్న సాయంత్రపు వెలుగే మిగిలింది. "తీశాను!" అని లోపల నుంచి కేక వినిపించింది. కోచమ్మా, నేనూ, అప్పుడే ఆయాసపడుతూ వచ్చిన అత్తగారూ చేతులందించి ఒక్కొక్కరినీ పైకి లాగాం. ఎవరికీ ఏమీ కాలేదు. "ఇంకా టైముంది కదా!" అని అలిగినవాళ్ళే ఎక్కువ. ఆఖరి పిల్లవాడి కాళ్ళు గట్టు మీద పడ్డాక కోచమ్మ అక్కడే చతికిలబడి మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. అత్తగారు ఆమె వీపు రాస్తూ కూర్చుంది.

పంపుల గదిలో బాబాయ్ మూలన నిలబడి ఉన్నాడు. కోడలు టార్చి వేసి బోర్డు చూసింది. లైటుకి పెట్టిన లీకేజీ బ్రేకరు ఉత్తినే వేలాడుతోంది. దాన్నుంచి తీగ విప్పి, పక్కనున్న మామూలు స్విచ్చికి కలిపేశారు.

"నేనే కలిపానమ్మా" అన్నాడు బాబాయ్. "ఆ బ్రేకరు చెడిపోయిందనుకున్నాను. రోజూ మీ అత్తగారు మోకాళ్ళు పట్టుకుని వచ్చి, దిగకుండానే తిరిగి వెళ్తుంటే చూడలేకపోయాను. కొత్తది తెప్పించేలోగా రెండు రోజులు నడుస్తుందిలే అని..."

కోడలు ఒక ప్లాస్టిక్ కుర్చీ ఆయన వైపు జరిపింది. "కూర్చో బాబాయ్. అది చెడిపోలేదు. కరెంటు రావలసిన దారిలో కాకుండా ఇంకెటో పోతోందని తెలిస్తేనే అది పడుతుంది. దాని పనే అది. అది పడ్డప్పుడల్లా ఎందుకు పడుతోందో వెతకాలి, మాట వినట్లేదని పక్కకి తప్పించకూడదు." ఆమె కోప్పడితే బాగుండుననిపించిందట బాబాయ్‌కి. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదని వాళ్ళావిడ చెప్పింది.

మర్నాడు పొద్దున్న మంచి వెలుతురులో అసలు పని మొదలైంది. నాకు సెలవు కావడంతో వెళ్ళి కూర్చున్నాను. పూల్ కమిటీ సెక్రటరీ గారు కూడా వచ్చారు. కోడలు పని చేసే పద్ధతి నేను దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి. ముందు మెయిన్ తీసి, దానికి తన సొంత తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది. "ఎవరైనా పొరపాటున వేద్దామన్నా ఈ చెవి నా దగ్గర్నుంచి తీసుకోవాలి" అంది. తన మీటరు తీసుకుని పక్క భవనంలో కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూసింది, పని చేస్తోందో లేదో అని. తరవాత లైటు తీగల మీద పెట్టింది. ఏమీ లేదు. మళ్ళీ వెళ్ళి ఆ ప్లగ్గులోనే పెట్టి చూసింది.

"అదెందుకమ్మా మళ్ళీ?" అన్నారు సెక్రటరీ గారు.

"మధ్యలో మీటరే చచ్చిపోయి ఉంటే, తీగలో కరెంటున్నా లేదనే చూపిస్తుంది కదండీ."

ఆయన తలూపి, ఆ తరవాత ఎవరు వచ్చినా ఆ ముక్క తనే వివరించి చెప్పడం మొదలుపెట్టారు.

లైటు నీళ్ళ కింద ఉంది కదా, పూల్ ఖాళీ చేయించాలేమో అనుకున్నాను నేను. అక్కర్లేదట. చట్రానికి పైభాగాన ఒకటే స్క్రూ ఉంటుంది. అది విప్పితే లైటు మొత్తం గూట్లోంచి బయటికొస్తుంది. దాని వెనక గూట్లో గట్టు దాకా అందేంత తీగ చుట్టి పెట్టి ఉంటుంది. కాబట్టి గట్టు మీద బోర్లా పడుకుని, చెయ్యి నీళ్ళలో ముంచి విప్పితే చాలు.

అక్కడే చిక్కొచ్చింది. కరెంటుతో ఆడుకునే మనిషికి నీళ్ళంటే గుండెదడ. లోతు వైపు గట్టు మీద బోర్లా పడుకుని కిందికి చూడగానే కళ్ళు మూసుకుంది.

"అత్తయ్యా, నా కాళ్ళు పట్టుకోండి."

"పట్టుకున్నానే."

"గట్టిగా."

"ఇంకా గట్టిగా పట్టుకుంటే నీ కాళ్ళు నా దగ్గరే ఉంటాయి. విప్పు ముందు!"

లైటు పైకొచ్చింది. గట్టు మీద పెట్టి చూస్తే అద్దం వెనక సగానికి సగం నీళ్ళు. బల్బు ఆ నీళ్ళలో మునిగి ఉంది. అద్దానికీ చట్రానికీ మధ్య ఉండే రబ్బరు రింగు ఎండిపోయి పెళుసెక్కింది, గోటితో గిల్లితే పెంకుల్లా రాలింది. అక్కడి నుంచి తీగ వెళ్ళి చేరే డబ్బా మూత తీస్తే, లోపల ఎర్తు తీగ పట్టుకునే బోల్టు తుప్పుపట్టి పొడైపోయింది. లీకైన కరెంటు భూమిలోకి పోవడానికి దారి లేదు, పడాల్సిన బ్రేకరుని తప్పించేశారు. ఇక మిగిలింది నీళ్ళు, నిచ్చెన, నిచ్చెన పట్టుకున్న చెయ్యి.

అత్తగారు తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. కోడలు కూడా అటు చూసి, తల తిప్పుకుని పనిముట్ల సంచిలో ఏదో వెతకసాగింది.

సెక్రటరీ గారు చెడ్డవారు కాదు. పూల్లో పెట్టబోయే ఈత పోటీ దగ్గరపడిందని ఆయన కంగారు. "రబ్బరు రింగు మార్చేసి వేసేద్దామా? మిగతావి పోటీ అయ్యాక చూసుకుందాం" అన్నారు.

"కుదరదండీ. ఈ లైటుకి నేరుగా ఇంట్లో వచ్చేంత కరెంటు ఇచ్చేశారు ఎప్పుడో. తీగ పై పొర కూడా పాడైంది. ఇది మొత్తం తీసేసి, తక్కువ వోల్టేజీ లైటు వేద్దాం. దూరంగా పంపుల గదిలో ట్రాన్స్‌ఫార్మర్ పెడదాం. కొత్త లీకేజీ బ్రేకరు, కొత్త ఎర్తు. నిచ్చెనలూ కడ్డీలూ అన్నీ ఆ ఎర్తుకే కలపాలి." ఒక్క క్షణం ఆగి, "పోటీ పగలు పెట్టుకోండి. ఈ లైటు తీగలు రెండువైపులా విప్పేసి వెళ్తాను. పగలు అడుగు బాగానే కనపడుతుంది కదా, కోచ్ గారు సరేనంటే" అంది.

కోచమ్మ సరేనంది. సెక్రటరీ గారికి పోటీ దక్కింది, ఊపిరి పీల్చుకున్నారు.

పని కొన్నాళ్ళు నడిచింది. ఆ రోజుల్లో పంపు బాబాయ్ ఆమె వెంటే ఉన్నాడు. గోడ తవ్వినా ఆయనే, గొట్టం తోమినా ఆయనే. కొత్త బ్రేకరు బిగించాక, దాని మీదున్న పరీక్ష బొత్తాం ఎలా నొక్కాలో ఆమె చూపించింది. నొక్కగానే టప్పున పడింది. "ఇలా పడితేనే ఆరోగ్యంగా ఉన్నట్టు" అంది. బాబాయ్ తానొకసారి నొక్కి, లేపి, మళ్ళీ నొక్కి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ సంఘటన తరవాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

లైటు బిగించే రోజు సాయంత్రం బ్యాచ్ అందరం చేరాం. దర్జీ కూడా షాపు మూసేసి వచ్చాడు. కొత్త లైటు గూట్లో కూర్చుంది. కోడలు బోర్లా పడుకుంది, అత్తగారు మామూలుగా కాళ్ళు పట్టుకుంది. ఆఖరి పని, ఆ పైనున్న ఒక్క స్క్రూ. అది లేకపోతే లైటు గూట్లోంచి ఊడి నీళ్ళలో తేలుతుంది. బిగిస్తూ బిగిస్తూ ఉండగా తడి వేళ్ళలోంచి స్క్రూ జారింది. మెరుస్తూ, తిరుగుతూ, తాపీగా అడుగుకి చేరింది.

"అయ్యో!" అని అందరం ఒక్కసారే అన్నాం.

"ఇంకోటి లేదా?" అన్నారు సెక్రటరీ గారు.

"పాత గూడండీ ఇది. ఈ మర ఇప్పుడు ఏ షాపులోనూ దొరకదు" అంది కోడలు నీళ్ళలోకి చూస్తూనే.

దర్జీ జేబులోంచి ఏదో తీశాడు. కిందపడిన గుండుసూదులు ఏరే అయస్కాంతం, దానికి బొత్తాలు కుట్టే దారం. "చూడండి తమాషా" అని ఠీవిగా నీళ్ళలోకి వదిలాడు. స్క్రూ చుట్టూ అటూ ఇటూ తిప్పాడు. స్క్రూ కదలలేదు.

"అది ఇత్తడిదండీ" అంది కోడలు మెల్లిగా.

"ముందు చెప్పొద్దూ!"

"మీరు అంత సంబరంగా వదులుతుంటే చెప్పబుద్ధి కాలేదు."

గట్టు మీద నవ్వులు సద్దుమణిగేలోపే అత్తగారు ఈత టోపీ పెట్టుకుని కళ్ళద్దాలు సర్దుకుంటోంది. కోచమ్మ ముందుకొచ్చింది. "నేను దిగుతా పెద్దమ్మా."

"నువ్వు కూర్చో తల్లీ. కాళ్ళు పట్టుకున్నది నేను, స్క్రూ పోయింది నా కళ్ళముందు."

"ఆగండి అత్తయ్యా!" కోడలు లేచి నిలబడింది. మెడలోని తాళంచెవి తడుముకుని, పంపుల గదికెళ్ళి తాళం లాగి చూసింది. మీటరు తీసుకుని పక్క భవనం ప్లగ్గు, లైటు తీగలు, మళ్ళీ ప్లగ్గు. ఆ తరవాత నిచ్చెన మీదా, నీళ్ళలోనూ పెట్టి చూసింది.

"పొద్దున్నించీ తాళం వేసే ఉంది కదే! ఎన్నిసార్లు చూస్తావు?"

"దిగేది మీరు. ఇంకోసారి చూస్తాను" అని నిజంగానే ఇంకోసారి చూసింది.

కోడలు సరేనని తలూపాక అత్తగారు గుండెల నిండా గాలి పీల్చి మునిగింది. పైనుంచి ఆవిడ పాదాలు కనిపించాయి, తరవాత అవీ లోపలికి పోయాయి. కోడలు గట్టు అంచున మోకాళ్ళ మీద కూర్చుని, తనూ ఊపిరి బిగపట్టినట్టుంది. దర్జీ ఆమె భుజం పట్టుకున్నాడు. నీళ్ళు ఒక్కసారి చీలి అత్తగారి తల పైకొచ్చింది. రాగానే చెయ్యి పైకెత్తింది. వేళ్ళ మధ్య స్క్రూ.

మేం కొట్టిన చప్పట్లకి రేకుల కప్పు మీద పావురాలు లేచిపోయాయి. ఆవిడ గట్టు పట్టుకుని నీళ్ళలోనే ఉండి, "ఇదిగో, ఈసారి నేనే పట్టుకుంటా, నువ్వు తిప్పు" అంది. కోడలు పైనుంచి, అత్తగారు కింద నుంచి. స్క్రూ బిగిసింది.

అందరం బయటికొచ్చాక కోడలు తాళం తీసింది. బాబాయ్ బొత్తాం నొక్కి బ్రేకరు పడుతోందని చూపించాడు. లైటు వేశారు. నీళ్ళు అడుగు దాకా తెల్లగా వెలిగాయి. ఆమె మీటరు ఒక కొన తడి గట్టు మీదా, ఇంకో కొన నిచ్చెన మీదా పెట్టి, చోటు మార్చి మార్చి కొలిచింది. ఎక్కడా ఏమీ లేదు. "బాగుంది. దిగొచ్చు" అంది.

ఎవరూ దిగలేదు. అందరం ఆ నిచ్చెన వైపు చూస్తున్నాం. ఒకావిడ నోరు విడిచి అనేసింది కూడా. "నీ మీద నమ్మకం లేక కాదమ్మా... చెయ్యి రావట్లేదు."

కోడలికి కోపం రాలేదు. బూట్లు విప్పింది. ప్యాంటు మడవకుండానే, తక్కువ లోతు వైపు మెట్ల మీంచి ఒక్కో అడుగే వేస్తూ నీళ్ళలోకి దిగింది. నడుం దాకా వచ్చేసరికి ఆమె పెదాలు బిగుసుకున్నాయి. గట్టు పట్టుకుని పక్కవాటుగా నడుస్తూ, నీళ్ళు ఛాతీ దాకా వస్తుంటే ఆగి, మళ్ళీ కదిలి, లోతు మొదలయ్యే చోట ఉన్న రెండో నిచ్చెన దాకా వెళ్ళింది. కడ్డీ మీద చెయ్యి వేసింది. రెండో చెయ్యి కూడా వేసింది. రెండు చేతులతో అలాగే పట్టుకుని మా వైపు తిరిగి, "చూశారా, ఏం లేదు" అంది. గొంతు కొంచెం వణికింది. అది నీళ్ళ వల్లే అని మాకందరికీ తెలుసు.

అత్తగారు మళ్ళీ దిగి ఆమె పక్కకి ఈదుకుంటూ వచ్చింది. "ఎలాగూ తడిశావు. కాళ్ళు వదులు, నేనున్నా."

"ఇవాళ వద్దత్తయ్యా."

"సరే, ఇవాళ వద్దు."

ఆ తరవాత మేమందరం దిగాం. నేను ఆ రోజు మెట్లు వదిలేసి నిచ్చెన మీంచే ఎక్కాను. స్టీలు చల్లగా ఉంది, అంతే.

పూల్ పని సంగతి చుట్టుపక్కల పాకింది. ఆ ఏడాది వేరే కాలనీల పూల్స్ నుంచి, ఒక హోటలు నుంచి, ఒక బడి నుంచి ఆమెకి పిలుపులొచ్చాయి. ఎక్కడికెళ్ళినా ముందు చూసేది లీకేజీ బ్రేకరు దాని చోట దానికి కలిపి ఉందా అని. రెండు చోట్ల లేదు. ఆ రెండు చోట్లా అక్కడి మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి చెప్పింది. పంపు బాబాయ్ ఇప్పుడు నెలనెలా పరీక్ష బొత్తాం నొక్కుతాడు, నొక్కే ముందు గట్టు మీదున్న అందరినీ పిలిచి చూపిస్తాడు. ఇది పిల్లలకి పెద్ద వినోదం.

కోడలు ఇంకా ఈత నేర్చుకోలేదు. సెలవు రోజుల్లో పొద్దున్నే అత్తగారి చెయ్యి పట్టుకుని నడుం లోతు నీళ్ళలో అటూ ఇటూ నడుస్తుంది. ఇద్దరూ అక్కడే ఆ వారం పనులు మాట్లాడుకుంటారు. ఎవరింట్లో వైరింగు ఎప్పుడు మొదలుపెట్టాలి, దర్జీకి కళ్ళజోడు ఎప్పుడు మార్పించాలి, ఇలాంటివి. నిన్న నేను వెళ్ళేసరికి మాటల్లో పడి ఇద్దరూ లోతు మొదలయ్యే చోటు దాకా వచ్చేశారు. కోడలు అది గమనించలేదు. అత్తగారు గమనించింది, గమనించి కూడా ఆ సంగతి ఎత్తకుండా, మాట ఆపకుండా, మెల్లిగా వెనక్కి తిప్పుకుని తీసుకెళ్ళింది.